గీకేసిన నంబరు

ఉరుకుందుకు పని వచ్చింది, పేరు వచ్చింది, సొంత దుకాణానికి గది కూడా దొరికింది. రానిదల్లా ఉస్తాద్ నోటి నుంచి ఒక్క మాట.

ఆదోనిలో దస్తగిరి సాబ్ రిపేరు దుకాణం తెలియనివాళ్ళు తక్కువ. పత్తి మిల్లుల వీధి మొదట్లో, రేడియోల కాలం నుంచీ ఉంది. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చాయి, అవి పోయి టీవీలు వచ్చాయి, ఇప్పుడు సెల్‌ఫోన్లు, ఇన్వర్టర్లు వస్తున్నాయి. సాబ్ మాత్రం అదే ఎత్తుపీట మీద కూర్చుని, అదే మాట చెబుతుంటాడు. "పారేసే ముందర నాకొకసారి చూపియ్యి."

వస్తువును పారేయడమంటే ఆయనకు అన్నం పారేసినంత బాధ. బాగయ్యేదాన్ని బాగుచేస్తాడు. కానిదాన్ని విప్పి, పనికొచ్చే ముక్కలు తీసి డబ్బాల్లో సర్దుతాడు. మిగిలిన తుక్కును కూడా ఎవరినీ కాల్చనివ్వడు. మూటకట్టి ఉంచి, నెలకొకసారి వచ్చే తుక్కు ఫ్యాక్టరీ బండికి తానే దగ్గరుండి ఎక్కిస్తాడు. ఆయన భార్య ఖాసింబీ మాత్రం, "మా ఇంట్ల మనుషులకు చోటు లేదు గానీ చచ్చిన టీవీలకు ఉండాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పని నేర్చినవాడు ఎంత మొనగాడైనా, ఉస్తాద్ ఇజాజత్ ఇవ్వాలి. ఇజాజత్ అంటే అనుమతి. "పో బేటా, నీ పని నువ్వు చేసుకో" అని ఆయన నోటితో అనేదాకా సొంత షట్టర్ ఎత్తకూడదు. దస్తగిరి సాబ్ కూడా తన ఉస్తాద్ దగ్గర ఆ మాట కోసం పదకొండేళ్ళు ఆగినవాడే. ఇది కాగితం మీద రాసుకున్న చట్టమేమీ కాదు, కానీ ఇంతవరకు ఎవరూ దాటలేదు.

ఉరుకుందు చేరి ఏడేళ్ళయింది. వచ్చినప్పుడు చేతిలో ఐటీఐ సర్టిఫికెట్టు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళవాడు, పెళ్ళాం, ఒక కూతురు. ఊళ్ళో ఎవరిని అడిగినా, సాబ్ తర్వాత చేయి అంటే ఉరుకుందుదే అంటారు. ఈ మధ్య కొందరు 'సాబ్ తర్వాత' అన్న ముక్క వదిలేసి చెబుతున్నారు. ఆ సంగతి ఉరుకుందు చెవిన పడింది, పడినచోట హాయిగా కూర్చుంది.

బస్టాండు దగ్గర గది మాట్లాడుకున్నాడు. బోర్డు రాయించాడు. శుక్రవారం మంచిరోజని అయ్యవారు చెప్పాడు. ఇక మిగిలింది ఒక్క మాటే కాబట్టి, సోమవారం పొద్దున సాబ్ టీ తాగుతుండగా కదిపాడు.

"ఉస్తాద్, శుక్రవారం తెరుద్దామనుకుంటాండా. మీరు ఇజాజత్ ఇయ్యల్ల."

సాబ్ సాసర్లో టీ ఊదుకుంటూ, "ఏం తొందరప్పా?" అన్నాడు.

"ఏడేండ్లాయె గదా. నాకు రానిది ఇంకేముందో చెప్పండి, నేర్చుకుంటా."

మాట వినయంగానే ఉంది. కానీ ఆ అడగడంలో, 'ఏముంటుందిలే' అన్నది కూడా వినపడింది. సాబ్‌కు అరవై తొమ్మిదేళ్ళు గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

ఆయన టీ ముగించి లేచాడు. అల్మారా మీదనుంచి ఒక నల్లటి పెట్టె తీసి ఉరుకుందు ముందు పెట్టాడు. ఇటుకంత ఉంటుంది, నాలుగు వైర్లు వేలాడుతున్నాయి. నడవలేనివాళ్ళు తొక్కనక్కర్లేకుండా బ్యాటరీతో నడిపే మూడు చక్రాల బండికి మెదడు అది. కంట్రోలర్ అంటారు.

"నిన్న వచ్చింది. ఇది బాగుచెయ్యి. శుక్రవారం నేనే వచ్చి నీ షట్టర్ ఎత్తుతా."

ఉరుకుందుకు నవ్వొచ్చింది. ఏడేళ్ళ చదువుకు ఇంత సులువు పరీక్షా! ఇట్లాంటి పెట్టెలు తను డజన్ల లెక్కన చేశాడు. "మధ్యాన్నానికి చేసి పెడతా" అని స్క్రూలు విప్పాడు.

మూత తీశాక ఆ నవ్వు అక్కడే ఆగింది. లోపలి బోర్డు మీద పదహారు కాళ్ళ చిప్పు ఒకటి కాలిపోయి ఉంది. కాలిపోవడం పెద్ద సంగతి కాదు, పాతది పీకి కొత్తది వేస్తే సరిపోతుంది. కానీ దాని మీద ఉండాల్సిన నంబరు లేదు. ఎవరో బ్లేడుతో గీకేశారు.

ఈ పనిలో కొందరికి ఈ అలవాటు ఉంది. చిప్పు మీది నంబరే దాని పేరు. పేరు తెలిస్తే ఏ ఊళ్ళోనైనా, ఎవరైనా దాన్ని మార్చగలరు. అందుకని బాగుచేసినవాడు ఆ నంబరు గీకేస్తాడు. మళ్ళీ పాడైతే జనం తన దగ్గరికే రావాలని, తన కిటుకు పక్కవాడికి తెలియకూడదని. సాబ్ దుకాణంలో మాత్రం ఆ పని పనికిరాదు. ఎవరైనా గీకుతూ దొరికితే ఆయన తిట్టడు, కొట్టడు. బ్లేడు అడిగి తీసుకుని, దాంతో తన పెన్సిలు చెక్కుకుని, మళ్ళీ ఇవ్వడు.

"ఎవడో దొంగనాయాలు నంబరు గీకినాడు ఉస్తాద్!" అని ఉరుకుందు అరిచాడు.

"అట్లనా?" అన్నాడు సాబ్, చేతిలో ఉన్న మిక్సీ మోటారు నుంచి తల ఎత్తకుండా.

"కడుపుకు అన్నం తినేటోడు చేసే పనేనా ఇది? రేపు ఇంకొకడు దీన్ని యెట్ల చెయ్యల్ల? వీని చేతులు పడిపోను!"

సాబ్ ఈసారి తల ఎత్తాడు. "తిట్టు, బాగా తిట్టు. చేతుల మాట మాత్రం అనాకప్పా."

"ఎందుకనకూడదు?"

"పాపం, పెండ్లాం బిడ్డలు గలోడు అయింటాడు."

ఉస్తాద్ మంచితనానికి హద్దు లేదనుకుని ఉరుకుందు పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం అయింది, సాయంత్రమూ అయింది. గీకినవాడు ఎవడో గానీ బాగా గీకాడు. టార్చి వేసి చూసినా, తడిగుడ్డతో తుడిచి చూసినా నంబరు నీడ కూడా కనపడలేదు. మంగళవారం ఊహ మీద ఒక చిప్పు వేశాడు. అది బుస్సుమని పొగ వదిలింది. ఇంకొకటి వేశాడు. అది పొగ కూడా వదలకుండా చల్లగా కూర్చుంది. ఫోన్లో వెతికాడు. తెలిసినవాళ్ళకు ఫొటోలు పంపితే, "నంబరేదన్నా?" అని అందరూ ఒకటే అడిగారు.

మంగళవారం సాయంత్రానికి విసుగొచ్చింది.

"ఇది తుక్కు ఉస్తాద్. కొత్త కంట్రోలర్ తెప్పించుకోమందాం."

"ఈ మోడలు చేసేది నిలిపేసినారంట. కొత్తది దొరకదు."

"అట్లయితే బండే మార్చుకోవల్ల. మనం చేసేదేముంది?"

పారేయమనే మాట ఆ దుకాణంలో అంత సులువుగా వినపడటం అదే మొదలు. సాబ్ కోప్పడతాడేమోనని ఉరుకుందు అనుకున్నాడు. ఆయన కోప్పడలేదు.

"సరేలేప్పా. బండి ఆమెను రేపు రమ్మన్నా. ఆ మాట నువ్వే చెప్పు" అన్నాడు.

బుధవారం పదకొండు గంటలకు దుకాణం ముందు ఆటో ఆగింది. ముందు ఒక మనిషి దిగి, వెనక సీట్లోంచి ఒక ఆడమనిషిని రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చెమట తుడుచుకుని, ఉరుకుందును చూసి ముఖం నిండా నవ్వింది.

"బాగుండావా ఉరుకుందూ? గుర్తుపట్టినావా?"

గుర్తుపట్టాడు. నాగవేణి టీచరు. ఆదోని పక్క పల్లెలో చిన్నపిల్లల బడికి పంతులమ్మ. రెండు మూడేళ్ళ కిందట ఆమె బండి ఆగిపోతే తనే బాగుచేశాడు. ఆ రోజు ఆమె పిల్లలతో కాగితం పూలదండ చేయించి తెచ్చి తన మెడలో వేస్తే, వీధంతా నవ్వింది. దండ గుర్తుంది, ఆమె గుర్తుంది. పెట్టె మాత్రం గుర్తుకు రాలేదు. డజన్ల పెట్టెల్లో అదొకటి.

ఉరుకుందు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బళ్ళారిలో మా అక్క ఇంటికి బండిని గూడా ఆటోలో వేసుకొని పోయింటి. ఆడనే నిలిచిపోయింది" అని ఆమె చెప్పుకొచ్చింది. "ఆడ ఇద్దరికి చూపించినా. నంబరు లేదమ్మా, తుక్కులో వేసుకో అన్నారు. ఎనిమిది దినాలాయె. మా తమ్ముడు నన్ను ఎత్తుకొని పోయి బడిలో కూర్చోబెడ్తాండాడు, సాయంత్రం మళ్ళీ ఎత్తుకొని తెస్తాండాడు. నలభై రెండేండ్లదాన్ని. పిల్లోళ్ళ ముందర." నవ్వుతూనే చెప్పింది గానీ చివరి ముక్క మాత్రం తమ్ముడి వైపు చూడకుండా అంది.

తమ్ముడు తల తిప్పుకుని వీధి వైపు చూశాడు.

"బళ్ళారాయన ఒకమాట అన్నాడు ఉరుకుందూ. దీన్ని చేసినోడు పనోడే గానీ కడుపులో కుళ్ళుండాది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అట్లనొద్దయ్యా, చేసినోడు మా ఆదోనాయన, బంగారట్లా మనిషి, కంపెనీ నుంచే అట్ల వచ్చింటాది అని గట్టిగా చెప్పినా. అవునా, కాదా?"

ఉరుకుందు బోర్డు వైపు చూశాడు. ముందు నిలువునా, తర్వాత అడ్డంగా గీకిన గీతలు. మూలన ఎండిపోయిన ఎర్రటి చుక్క. కొత్తగా పెళ్ళైన రోజుల్లో, గీకినచోట పెళ్ళాం గోళ్ళరంగు పూసేవాడు, ఇంకెవరూ ఏమీ కనుక్కోకుండా. రెండు రోజులుగా ఆ చుక్క కళ్ళముందే ఉంది. వేరేవాళ్ళ తప్పు వెతికే కంటికి అది కనపడలేదు.

సాబ్ పీట మీదనుంచి లేచి టోపీ పెట్టుకున్నాడు. "నమాజుకు పోయొస్తా" అని మెట్లు దిగాడు. నమాజుకు ఇంకా గంటన్నర టైముంది.

బండి మార్చుకోమ్మా అని చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కంపెనీ నుంచే అట్లా వచ్చిందన్న మాటను ఆమే అందించింది, ఊ అంటే చాలు. ఉరుకుందు బోర్డును ఆమె వైపు తిప్పాడు. సిగ్గుతో చెవులదాకా మండిపోయాడు.

"కంపెనీ గాదు టీచరమ్మా. నేనే గీకినా."

తమ్ముడు చటుక్కున ఇటు తిరిగాడు. "ఏమన్నావ్?" అని ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతని చేయి పట్టుకుని ఆపింది.

"ఎందుకురా?" అంది. అంతసేపూ ఉరుకుందూ అని పిలిచిన మనిషి, బడిపిల్లవాడిని అడిగినట్టు అడిగింది.

"వేరేవోళ్ళు చెయ్యకూడదని."

ఆమె నిట్టూర్చి, "మా బడిలో పిల్లోళ్ళు పక్కోడు చూస్తాడని పలకకు చెయ్యి అడ్డం పెట్టుకొని రాస్తారు" అంది. "ఆ చేతికే తుడుచుకొని పోతాది. నా దగ్గరికి తెచ్చేసరికి వాళ్ళకే తెలీదు ఏం రాసినారో."

"నాకూ గుర్తు లేదమ్మా, ఏం చిప్పు వేసినానో."

"మరి ఇప్పుడెట్ల?"

"నేనే కనుక్కుంటా."

"ఎన్నాళ్ళు పట్టొచ్చు?"

"తెలీదు" అన్నాడు ఉరుకుందు. ఆ మాట ఈ మధ్య ఆ దుకాణంలో అతని నోట ఎవరూ వినలేదు.

తమ్ముడు ఆమెను మళ్ళీ ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. ఉరుకుందు తల దించుకోలేదు. పూర్తిగా చూశాడు. ఆమె చీర అంచు జారుతుంటే ఒక చేత్తో పట్టుకోవడం, రెండో చేయి తమ్ముడి మెడ చుట్టూ వేయాల్సి రావడం, వీధిలోవాళ్ళు చూడనట్టు చూడటం, అన్నీ చూశాడు.

సాబ్ తిరిగొచ్చాక ఏమైందని అడగలేదు. ఉరుకుందే పీట దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఉస్తాద్, మీకు ముందే తెలుసా?"

"పని చూస్తే చెయ్యి తెలీదా బేటా?"

"ఏడేండ్లలో ఒకనాడన్నా నన్ను అడగలేదే?"

"దీన్ని విప్పి చూసిందే మొన్న ఆదివారం."

ఉరుకుందు కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు రానిది ఒకటుంది. నేర్పించండి. పేరు లేనిదాన్ని యెట్ల పట్టుకోవల్ల?"

సాబ్ ఎత్తుపీట దిగి వచ్చి, నేల మీద చాప పరచి, అతన్ని కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి అది చిన్న పని కాదు.

"పేరు చెప్పని మనిషి ఊళ్ళోకి వస్తే ఏం చేస్తాం? ఎవరింట్ల దిగినాడో, పక్కన ఎవరెవరుండారో పోయి అడుగుతాం. దీనికీ అంతే. ఒక్కొక్క కాలు యాడికి పోతాందో చూడు."

తెల్లకాగితం మీద చిప్పు బొమ్మ గీశారు. పదహారు కాళ్ళు. ఏ కాలికి బ్యాటరీ కరెంటు వస్తోంది, ఏ కాలు పక్కనున్న చిన్న ముక్కతో మాట్లాడుతోంది, ఏ కాలు మోటారుకు కబురు పంపుతోంది, మీటరు పెట్టి ఒక్కొక్కటీ రాశారు. ఉరుకుందు తొందరపడి రెండు కాళ్ళు దాటేస్తే సాబ్ మళ్ళీ మొదటి కాలి దగ్గరికి తెచ్చాడు. ఖాసింబీ టీ తెచ్చి, ఇద్దరినీ నేల మీద చూసి, కప్పులు చాప పక్కనే పెట్టి పోయింది. అన్నీ రాయడానికి సాయంత్రమైంది.

గురువారం పొద్దున చచ్చిన వస్తువుల డబ్బాలన్నీ దించారు. టీవీ బోర్డులు, ఇన్వర్టర్ బోర్డులు, ఏదో ఆఫీసువాళ్ళు పారేసిన కంప్యూటర్ల పవర్ పెట్టెలు. ఆ పవర్ పెట్టెల్లో ఒకదాంట్లో పదహారు కాళ్ళ చిప్పు కనపడింది. దాని చుట్టూ ఉన్న ముక్కలు, కాగితం మీద రాసుకున్న ముక్కలు ఒకదానికొకటి సరిపోయాయి. ఉరుకుందు కాలు తర్వాత కాలు పోల్చాడు. పదహారూ పోల్చాడు. దాని మీద నంబరు చెక్కుచెదరకుండా ఉంది.

"ఇదే ఉస్తాద్!" అన్నాడు. పొగ వచ్చే పరీక్ష ఇంకా మిగిలే ఉంది గానీ అతనికి అప్పుడే తెలిసిపోయింది.

దాన్ని పీకి, పెట్టెలో వేసి, తనే సైకిలు తొక్కుకుంటూ టీచరు ఊరికి పోయాడు. బడి వదిలే వేళైంది. బండి ఆమె ఇంటి ముందు టార్పాలిన్ పట్టా కింద ఉంది. పెట్టె బిగించి, తాళం తిప్పి, హ్యాండిల్ మెల్లగా మెలిపెట్టాడు. చక్రం కదిలింది.

అతను బండిని బడిదాకా నడిపించుకుపోయాడు. తమ్ముడు అక్కను తీసుకుపోవడానికి అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. నాగవేణి టీచరు గుమ్మంలో కూర్చుని బండిని చూసింది. తమ్ముడు ఎత్తబోతే వద్దంది. చేతుల మీద ఊతంగా తనే జరుగుతూ వచ్చి సీటెక్కింది. పిల్లలు బండి వెనక అరుస్తూ పరుగెత్తారు. ఆమె వాకిట్లో ఒక చుట్టు తిరిగింది, చాలక ఇంకొకటి తిరిగింది. తమ్ముడు నవ్వుతున్నాడు. ఉరుకుందుకు కడుపు నిండిపోయింది.

"ఇది మళ్ళీ పాడైతే?" అని ఆమె బండి ఆపి అడిగింది. పాత కోపం కొంచెం మిగిలే ఉంది ఆ అడగడంలో.

"మూత లోపల నంబరు పెద్దక్షరాల్తో రాసి పెట్టినా టీచరమ్మా. బళ్ళారిలో గూడా ఎవరైనా చేస్తారు."

"బళ్ళారాయనకు చెప్తాలే, బంగారట్లా మనిషని నేనన్న మాటే నిజమైందని" అంది ఆమె.

శుక్రవారం పొద్దున్నే దస్తగిరి సాబ్ ఇస్త్రీ జుబ్బా వేసుకుని, చెవి వెనక అత్తరు రాసుకుని, దుకాణం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఉరుకుందు సైకిలు మీద వచ్చాడు. క్యారియర్‌కు పనిముట్ల సంచి కట్టి ఉంది.

"పోదామా? మీ అయ్యవారు చెప్పిన టైము దాటిపోతాంది" అన్నాడు సాబ్.

"ఈ పొద్దు గాదు ఉస్తాద్."

"అదేమప్పా, బోర్డు గూడా రాయిస్తివి."

ఉరుకుందు జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. రెండు వైపులా పేర్లే. మార్కెట్ వీధి ఇన్వర్టరు, తిక్కస్వామి కాలనీలో టీవీ, రైసుమిల్లులో కాటా, పల్లెల్లో మోటారు స్టార్టర్లు.

"గీకినవన్నీ గుర్తు తెచ్చుకొని రాసినా. ముప్పై ఎనిమిది ఇండ్లు. ఒక్కొక్క ఇంటికి పోయి, విప్పి, నంబరు రాసి మూతేసొస్తా. కొన్ని నాకే తెలీదు, కాళ్ళు లెక్కబెట్టుకుంటూ కూర్చోవల్ల. ఎన్ని నెలలైతాదో. అవన్నీ అయినాక వచ్చి ఇజాజత్ అడుగుతా. దుకాణం తెరిచేది అప్పుడే."

సాబ్ ఆ కాగితాన్ని ఒకవైపు చదివాడు, తిప్పి రెండో వైపూ చదివాడు. మడిచి ఉరుకుందు జేబులో పెట్టి, జేబు మీద చేయి అట్లాగే ఉంచాడు.

"దుకాణం తెరిచేసినావు గదప్పా. షట్టర్ ఎత్తేది ఎప్పుడైతే ఏముంది?" అన్నాడు.